పాలిటెక్నిక్ నుంచి ఇంజనీరింగ్ వరకు: మొదటి రోజే వేసుకోవలసిన లెక్క

పదవ తరగతి ఫలితాలు వెలువడిన కొద్ది రోజులలోనే జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలలోను, వాటి చుట్టూ ఉన్న వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు మండలాలలోను అనేక ముస్లిం కుటుంబాలు ఒక పెద్ద నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. పిల్లవాణ్ణి ఇంటర్మీడియట్‌లో చేర్చాలా, పాలిటెక్నిక్‌లో చేర్చాలా, ఐటీఐకి పంపాలా, లేక ఏదైనా పనిలో పెట్టాలా? తండ్రి లారీ నడుపుతుంటాడు, లేదా తాపీపని చేస్తుంటాడు, లేదా సిమెంటు కర్మాగారంలో కాంట్రాక్టు కూలికి వెళుతుంటాడు. ఇంట్లో కళాశాల మెట్లెక్కినవారు అంతకుముందు ఎవరూ ఉండకపోవచ్చు. సలహా చెప్పేవారు చాలామందే ఉంటారు. కానీ ఆ చదువు ఆరేళ్ల తర్వాత పిల్లవాణ్ణి ఎక్కడికి చేరుస్తుందో విడమరచి చెప్పేవారు అరుదు.

ఇలాంటి ఇళ్లలో పాలిటెక్నిక్ వైపు మొగ్గడానికి కారణం తెలిసిందే. మూడేళ్లలో చేతికి పని వస్తుంది, ఖర్చు తక్కువ. ఇది మంచి ఆలోచనే. అయితే దానితోపాటు మరొక అభిప్రాయం కూడా ఇంట్లో స్థిరపడిపోతుంది. డిప్లొమాలో చేరితే పెద్ద చదువు ఆశ వదులుకున్నట్టేనని, ఇంజనీరు కావాలంటే ఇంటర్మీడియట్ ఒక్కటే దారి అని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. డిప్లొమా పూర్తి చేసినవారు బి.టెక్. రెండో సంవత్సరంలో నేరుగా చేరడానికి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉన్నది. కాకపోతే ఆ దారి గురించి మూడో ఏడాది చివరలో తెలుసుకున్నవారికి అది ఇరుకుగా ఉంటుంది. మొదటి ఏడాదిలోనే తెలుసుకుని అడుగు వేసినవారికి విశాలంగా ఉంటుంది. ఈ వ్యాసం ఉద్దేశం ఆ తేడాను వివరించడమే.

ఆరేళ్ల లెక్క

ముందుగా కాలం లెక్క చూద్దాం. పదవ తరగతి తర్వాత ఇంటర్మీడియట్ రెండేళ్లు, బి.టెక్. నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లు. డిప్లొమా మూడేళ్లు, రెండో సంవత్సరంలో చేరితే బి.టెక్. మరో మూడేళ్లు, ఇదీ ఆరేళ్లే. 2008లో ఏర్పడిన నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి మార్కుల ఆధారంగా సీటు పొందినవారి సమీకృత కోర్సు కూడా ఆరేళ్లే. పాలిటెక్నిక్‌లో చేరడం వల్ల ఒక్క సంవత్సరం కూడా నష్టం లేదు.

తేడా మధ్యలో ఉన్నది. ఇంటర్మీడియట్ తర్వాత ఏదైనా ఇబ్బంది వచ్చి చదువు ఆగిపోతే చేతిలో ఉద్యోగార్హత అంటూ పెద్దగా ఏమీ ఉండదు. డిప్లొమా తర్వాత ఆగవలసి వచ్చినా ప్రభుత్వ శాఖలలో అసిస్టెంట్ ఇంజనీరు, రైల్వేలో జూనియర్ ఇంజనీరు వంటి పోస్టులకు పోటీ పడే అర్హత ఉంటుంది. తండ్రి ఆరోగ్యం, ఇంటి ఆదాయం ఎప్పుడు ఎలా ఉంటాయో చెప్పలేని కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

ఇలా రెండు మెట్లలో పట్టా పొందే పద్ధతి మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ జూనియర్ కళాశాల 1901లో మొదలైంది. అక్కడి కమ్యూనిటీ కళాశాలలలో తక్కువ ఖర్చుతో రెండేళ్లు చదివి, ఆపైన విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరంలో చేరే ఏర్పాటు నేటికీ ఉన్నది. కాలిఫోర్నియా 1960 నాటి ఉన్నత విద్యా ప్రణాళికలో ఈ మార్గానికి స్పష్టమైన స్థానం ఇచ్చింది. అక్కడి విద్యార్థులకు సలహాదారులు మొదటి రోజే చెప్పే మాట ఒకటి ఉన్నది: ఏ విశ్వవిద్యాలయంలో, ఏ శాఖలో చేరదలచుకున్నావో ముందు నిర్ణయించుకో, అక్కడ చెల్లుబాటయ్యే పాఠ్యాంశాలనే ఇక్కడ ఎంచుకో. మన పాలిటెక్నిక్‌లో పాఠ్యాంశాలు ఎంచుకునే స్వేచ్ఛ లేదు, బోర్డు నిర్ణయించినవే చదవాలి. కానీ చేరవలసిన చోటును బట్టి ఇప్పటి చదువును సరిదిద్దుకోవాలనే సూత్రం మనకూ వర్తిస్తుంది.

ఈసెట్ అడిగేది ఏమిటి?

ఈసెట్ 200 మార్కుల పరీక్ష, సమయం మూడు గంటలు. గణితానికి 50, భౌతికశాస్త్రానికి 25, రసాయనశాస్త్రానికి 25, విద్యార్థి చదివిన ఇంజనీరింగ్ శాఖకు 100 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. అర్హత మార్కు 25 శాతం, అంటే 50. కానీ అర్హత పొందడం వేరు, కోరుకున్న కళాశాలలో సీటు పొందడం వేరు. ర్యాంకులు శాఖలవారీగా ఇస్తారు కాబట్టి సివిల్ విద్యార్థి సివిల్ విద్యార్థులతోనే, ఎలక్ట్రికల్ విద్యార్థి ఎలక్ట్రికల్ విద్యార్థులతోనే పోటీ పడతాడు. డిప్లొమాలో సగటున 45 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికి 40 శాతం మార్కులు ఉండాలనే నిబంధన కూడా ఉన్నది.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం డిప్లొమాలో మొదటి సంవత్సరంలోనే బోధిస్తారు. ఆ తర్వాత రెండేళ్లు విద్యార్థి వాటి ముఖం చూడడు. కానీ మూడో ఏడాది చివర రాసే ఈసెట్‌లో 200 మార్కులకు 50 ఆ రెండింటివే. పాత పుస్తకాలు తమ్ముడికో పక్కింటివారికో ఇచ్చేసి, నోట్సు కాగితాల దుకాణంలో వేసేసిన విద్యార్థి రెండేళ్ల తర్వాత వాటికోసం వెతుక్కుంటాడు. కాబట్టి మొదటి సంవత్సరపు పుస్తకాలు, నోట్సు ఇంట్లో భద్రంగా ఉంచాలి. ప్రతి సెలవులలో ఒకసారి తిరగేయాలి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

గణితం సంగతి మరీ ముఖ్యం. మాత్రికలు, త్రికోణమితి, అవకలనం, సమాకలనం, అవకలన సమీకరణాలు, ఇవన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. మొదటి ఏడాది గణితాన్ని అత్తెసరు మార్కులతో గట్టెక్కించిన విద్యార్థికి రెండో ఏడాది గణితం అర్థం కాదు. తెలుగు మాధ్యమంలోనో, ఉర్దూ మాధ్యమంలోనో పదవ తరగతి చదివి వచ్చిన పిల్లలకు తొలి నెలలు మరింత కష్టంగా ఉంటాయి. అక్కడ విషయం కంటే ఇంగ్లీషు పదాలే ఎక్కువ భయపెడతాయి. ఆ నెలలలో వారిని మందలించడం కంటే, అదే కళాశాలలో పై తరగతి చదువుతున్న మన పిల్లల సహాయం ఇప్పించడం మేలు. ఫజ్ర్ నమాజు తర్వాత ఒక గంట గణితానికి కేటాయిస్తే, మూడేళ్లలో ఎంత సాధన అవుతుందో లెక్క వేసి చూడండి.

మరొక సంగతి. డిప్లొమా చివరి ఏడాదిలో సుమారు ఆరు నెలలు పారిశ్రామిక శిక్షణ ఉంటుంది. ఆ కాలంలో విద్యార్థి తరగతి గదికి, పుస్తకానికి దూరమవుతాడు. ఈసెట్ సాధారణంగా మే నెలలో జరుగుతుంది. శిక్షణ ముగిసిన తర్వాత చదువుదామనుకుంటే వారాలే మిగులుతాయి. జగ్గయ్యపేట పరిసరాలలో సున్నపురాయి గనులు, వాటిపై ఆధారపడిన సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఇబ్రహీంపట్నం వద్ద నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యార్థులు ఇంటికి దగ్గరలో శిక్షణ దొరుకుతుందేమో కళాశాల ద్వారా ముందుగానే విచారించుకుంటే, ప్రయాణంలో పోయే గంటలు చదువుకు మిగులుతాయి.

శాఖ ఎంపిక పదిహేనేళ్ల వయసులోనే

పాలిసెట్ కౌన్సెలింగ్‌లో ఎంచుకున్న శాఖే మూడేళ్ల తర్వాత బి.టెక్. శాఖను కూడా చాలావరకు నిర్ణయిస్తుంది. ఈసెట్ రాసినవారికి తమ డిప్లొమాకు సరిపోయే శాఖలలోనే సీటు ఇస్తారు. సివిల్‌లో డిప్లొమా చేసి, బి.టెక్. కంప్యూటర్ సైన్స్‌లో చేరదామనుకోవడం ఈ దారిలో సాధారణంగా సాగదు. స్నేహితుడు చేరాడని, ఆ శాఖలో సీటు మిగిలిందని చేరితే ఆ ప్రభావం ఆరేళ్లు ఉంటుంది. ఐచ్ఛికాలు పెట్టే రోజున ఇంటి పెద్దలు, పిల్లవాడు కలిసి కూర్చుని, ఏ శాఖలో ఉద్యోగాలు ఎలా ఉన్నాయో, పిల్లవాడికి ఏది ఇష్టమో మాట్లాడుకోవాలి. తండ్రి తాపీమేస్త్రీ అయితే సివిల్ పని అంటే ఏమిటో ఆ ఇంటికి ఇతరులకంటే బాగా తెలుసు. ఆ అనుభవాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు.

ఐటీఐలో చేరిన పిల్లలకు కూడా దారి మూసుకుపోలేదు. రెండేళ్ల ఐటీఐ పూర్తి చేసి, నిర్దేశించిన బ్రిడ్జి కోర్సు చదివి, ప్రవేశ పరీక్షలో ర్యాంకు పొందితే డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. అక్కడినుంచి ఈసెట్. అలాగే గణితంతో బి.ఎస్సీ. పూర్తి చేసినవారికి కూడా ఈసెట్‌లో ప్రత్యేక ప్రశ్నపత్రం ఉన్నది.

సరిహద్దు దాటే ముందు

జగ్గయ్యపేట వారికి హైదరాబాదు రహదారిలో కోదాడ చాలా దగ్గర. ఒకప్పుడు అది పక్క జిల్లా. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. బజారుకు, బంధువుల ఇళ్లకు వెళ్లడంలో ఆ గీత కనిపించదు. కానీ చదువులో కనిపిస్తుంది.

ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయిస్తారు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు విద్యాసంవత్సరాలు వరుసగా ఒక స్థానిక ప్రాంతంలో చదివినవారు ఆ ప్రాంతానికి స్థానికులు. ఈసెట్‌కు అర్హత పరీక్ష డిప్లొమా. కాబట్టి పదవ తరగతి, డిప్లొమా మూడేళ్లు కలిపి ఆ నాలుగేళ్లు అవుతాయి. జగ్గయ్యపేట, నందిగామలు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, ప్రవేశాల విషయంలో ఉమ్మడి కృష్ణా జిల్లా వలెనే ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతంలో ఉన్నాయి. పదవ తరగతి ఇక్కడ చదివి, దగ్గరగా ఉన్నదని డిప్లొమా సరిహద్దు అవతల చదివితే, తర్వాత స్థానికత విషయంలోనూ, ఫీజు సహాయం విషయంలోనూ చిక్కులు ఎదురయ్యే అవకాశం ఉన్నది. బస్సు ఛార్జీ ఒక్కటే చూసి కాకుండా ఈ విషయం కూడా తెలుసుకుని చేర్చాలి.

పత్రాలు, పేర్లు

ముస్లిం కుటుంబాలకు సంబంధించిన రిజర్వేషన్ నిబంధనల గురించి ఇంకా గందరగోళం ఉన్నది. 2007 చట్టం ప్రకారం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల మేరకు అది అమలులో కొనసాగుతున్నది. షేక్ వర్గం ఈ జాబితాలో ఉన్నది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు ఇందులో లేవు. ఆదాయ పరిమితిలో ఉన్న ఆ కుటుంబాలు ఆర్థికంగా వెనుకబడిన వర్గాల 10 శాతం కోటాకు దరఖాస్తు చేసుకోవచ్చు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బి కిందకు వస్తాయి. తమ కుటుంబం దేనికి చెందుతుందో తెలుసుకుని, ధ్రువపత్రం కౌన్సెలింగ్ తేదీకి ముందే సచివాలయం ద్వారా తీసుకుని ఉంచాలి.

మన ఇళ్లలో మరీ ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేర్లది. ఆధార్‌లో ఇంటిపేరు షేక్ అని పూర్తిగా ఉంటుంది, పదవ తరగతి మెమోలో రెండక్షరాల పొడి రూపం ఉంటుంది, కుల ధ్రువపత్రంలో మరొక వర్ణక్రమం ఉంటుంది. మహమ్మద్ అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా రాస్తారో అందరికీ తెలుసు. ఆడపిల్లల పేరు చివర బేగం, సుల్తానా అనేవి ఒక పత్రంలో ఉండి మరొక దానిలో ఉండవు. చేర్చేటప్పుడు ఎవరూ పట్టించుకోకపోయినా, ఫీజు సహాయం బ్యాంకు ఖాతాకు రావలసిన రోజున ఆ తేడా అడ్డుపడుతుంది. పదవ తరగతి మెమోలోని పేరును, పుట్టినతేదీని ప్రమాణంగా పెట్టుకుని, మిగిలిన పత్రాలన్నిటినీ దానికి అనుగుణంగా డిప్లొమా మొదటి సంవత్సరంలోనే సరిచేయించుకోవాలి. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, బదిలీ పత్రం నకళ్లు ఒక సంచిలో ఉంచాలి. ఈ బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరికి అప్పగించడం మంచిది.

ఆడపిల్లల విషయం

దూరం అనే మాట వినగానే ఆడపిల్లల చదువు ఆపేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నిర్ణయించే ముందు రహదారి మీద ఉన్న కళాశాలలను ఒకసారి లెక్కించి చూడాలి. నందిగామ నుంచి విజయవాడ వైపు వెళితే కంచికచర్లలో ఎం.ఐ.సి. కళాశాల, పరిటాలలో అమృతసాయి కళాశాల, ఇబ్రహీంపట్నం సమీపాన నిమ్రా కళాశాల ఉన్నాయి. మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి కళాశాల ఉన్నది. అంటే డిప్లొమాకు విజయవాడ వరకు వెళ్లవలసి వచ్చిన అమ్మాయికి కూడా, మంచి ర్యాంకు వస్తే, బి.టెక్. ఇంటినుంచి రోజూ వెళ్లివచ్చే దూరంలోనే చదివే అవకాశం ఉన్నది. ప్రవేశాలలో ప్రతి వర్గంలోనూ మూడోవంతు సీట్లు ఆడపిల్లలకు కేటాయిస్తారు. మూడేళ్ల తర్వాత ఏ కళాశాల అనే ప్రశ్నకు జవాబు ఇప్పుడే కనిపిస్తే, ఈ మూడేళ్ల ప్రయాణానికి ఇంటివారు సులభంగా ఒప్పుకుంటారు.

ఫీజు, అప్పు, వడ్డీ

ప్రణాళిక లేకపోవడం వల్ల కుటుంబం మీద పడే అతి పెద్ద భారం ఇక్కడ ఉన్నది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు కొన్ని వేల రూపాయలలోనే ఉంటుంది. బి.టెక్.లో కన్వీనర్ కోటాలో సీటు వస్తే అర్హతగల కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. దానికి హాజరు నిబంధన ఉన్నది, ఏటా దరఖాస్తు తాజా చేసుకోవాలి. ర్యాంకు సరిగా రాక యాజమాన్య కోటాలో చేరవలసి వస్తే ఆ సహాయం ఉండదు. అప్పుడు చాలామంది బ్యాంకు గడపో, వడ్డీ వ్యాపారి గడపో తొక్కుతారు. వడ్డీ నుంచి దూరంగా ఉండాలని ప్రతి ముస్లిం ఇల్లు కోరుకుంటుంది. కానీ ఆ కోరిక నిలబడేది ఫీజు కట్టవలసిన వారంలో కాదు, మూడేళ్ల ముందు పిల్లవాడు గణితం పుస్తకం తెరిచిన రోజున. ఈసెట్‌లో వచ్చే ప్రతి పది మార్కులు ఆ కుటుంబాన్ని అప్పుకు ఒక అడుగు దూరం జరుపుతాయి.

మస్జిద్ కమిటీలు, స్తోమతగల కుటుంబాలు కూడా ఇక్కడ ఒక పని చేయగలవు. రంజాన్‌లో జకాత్ పంచేటప్పుడు అర్హులైన పేద విద్యార్థుల సంగతి ఉలమాలతో చర్చించి, ఈసెట్ దరఖాస్తు రుసుము, పుస్తకాలు, కౌన్సెలింగ్‌కు ప్రయాణ ఖర్చుల వంటి చిన్న మొత్తాలకు సాయపడవచ్చు. ఒక విద్యార్థి ఆగిపోయేది చాలాసార్లు లక్ష రూపాయల దగ్గర కాదు, వెయ్యి రూపాయల దగ్గర. జుమా రోజున మస్జిద్‌లో ఒక గంట కూర్చుని దరఖాస్తులు నింపిపెట్టే ఇద్దరు పట్టభద్రులుంటే అదీ పెద్ద సేవే.

ఉద్యోగమా, పై చదువా?

డిప్లొమా మూడో ఏడాదిలో కొందరికి ఉద్యోగం వస్తుంది. మొదటి జీతం ఇంటికి వచ్చే ఆశ ముందు మరో మూడేళ్ల చదువు బరువుగా తోస్తుంది. అందరూ బి.టెక్. చదవాలన్న నియమం లేదు. ఇంటి అవసరం నిజంగా పెద్దదైతే ఉద్యోగంలో చేరడం గౌరవప్రదమైన నిర్ణయమే. కానీ ఆ నిర్ణయం తెలిసి తీసుకున్నది కావాలి, దారి తెలియక మిగిలినది కాకూడదు. ఈసెట్ రాసి ర్యాంకు చేతిలో పెట్టుకుని, ఏ సీటు వస్తుందో చూసి, అప్పుడు ఉద్యోగంతో పోల్చుకోవచ్చు. పరీక్ష రాయకుండానే ఆ తలుపు మూసుకోవడంలో ఏ లాభమూ లేదు.

రెండో సంవత్సరంలో చేరిన తర్వాత కూడా కొంత కష్టం ఉంటుంది. తోటివారు మొదటి ఏడాదిలో చదివిన గణితం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తమకు కొత్తగా కనిపిస్తాయి. అదే సమయంలో ప్రయోగశాలలో, యంత్రం దగ్గర, డ్రాయింగులో డిప్లొమా విద్యార్థి చెయ్యి ముందుంటుంది. ఫలితాలకూ తరగతులకూ మధ్య దొరికే వేసవి వారాలను గణితానికి, ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలకు వెచ్చిస్తే మొదటి సెమిస్టరులో తడబాటు తగ్గుతుంది.

క్లుప్తంగా ఒక పట్టిక

పాలిసెట్‌కు ముందు: శాఖ గురించి ఇంట్లో చర్చ, కళాశాల ఏ రాష్ట్రంలో ఉన్నదో పరిశీలన, రిజర్వేషన్ ధ్రువపత్రం సిద్ధం.

మొదటి ఏడాది: గణితంలో గట్టి పునాది, భౌతిక, రసాయన శాస్త్రాల నోట్సు భద్రం, అన్ని పత్రాలలో పేరు ఒకే విధంగా సవరణ.

రెండో ఏడాది: ఒక్క సబ్జెక్టు కూడా మిగలకుండా ఉత్తీర్ణత, సెలవులలో మొదటి ఏడాది పాఠాల పునశ్చరణ, పాత ఈసెట్ ప్రశ్నపత్రాల పరిచయం.

మూడో ఏడాది: శిక్షణ కాలంలో రోజుకు రెండు గంటల చదువు, దరఖాస్తు తేదీపై కన్ను, శాఖ పత్రంలోని 100 మార్కులపై ప్రత్యేక శ్రద్ధ.

ఈసెట్ తర్వాత: రోజూ వెళ్లివచ్చే దూరంలోని కళాశాలలతో సహా ఐచ్ఛికాల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా సరిచూసుకోవడం.

ఈ పట్టికలో పెద్దగా డబ్బు అడిగేది ఏదీ లేదు. అడిగేది ముందుచూపు, క్రమశిక్షణ, ఇంట్లో కాస్త మాటామంతీ. పిల్లలు మన దగ్గర అల్లాహ్ ఉంచిన అమానత్. ఈ ఏడాది మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పాలిటెక్నిక్‌లో చేరుతున్న పిల్లవాడు ఉంటే, ఈ పట్టికను ఒక కాగితం మీద రాసి అతని పుస్తకాల అలమరకు అంటించండి. మూడేళ్ల తర్వాత, ఇన్‌షా అల్లాహ్, ఏ దారిన నడవాలో అతనే నిర్ణయించుకోగలుగుతాడు.